మదరాసు ఎలక్ట్రిక్ రైలులో నూనె రుమాలు

1955వ సంవత్సరం జనవరి 21వ తేదీ, శుక్రవారం ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు చీరాల స్టేషనులో మా ప్రయాణం మొదలయింది. మేమంటే నేనూ, మా నాయనా. మా వంశంలో బి.ఏ. పట్టా పుచ్చుకున్న మొదటివాడిని నేను. హైస్కూలులో చరిత్ర బోధిస్తున్నాను. నాయన నేతపనివాడు. మదరాసును ఎలక్ట్రిక్ రైలు మీద తిరిగి చూడదలచినవారికి ఉపయోగపడుతుందని వేళలూ ఛార్జీలూ ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. అయితే మేము బయలుదేరింది నగరం చూడడానికి కాదు. ఆ సంగతి ముందుగా చెప్పడం న్యాయం.

నాయన నలభై ఏళ్ళుగా ఒకే రకం బట్ట నేశాడు. మా ఇళ్ళలో దానిని నూనె రుమాలు అంటాము. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోనూ నానబెట్టి, కాళ్ళతో తొక్కి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి చేసిన తరువాత దారంతో కట్లు కట్టి ఎరుపూ నలుపూ రంగులు ఎక్కించి నేస్తారు. ఎన్ని ఉతుకులకైనా ఆ రంగు దిగదు. నూనె వాసన కూడా పూర్తిగా వదలదు. ఆ రుమాళ్ళను మా ఊళ్ళో ఎవరూ కట్టరు. షావుకార్లు మూటలు కట్టించి మదరాసు పంపుతారు. అక్కడ ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయి, అక్కడివారి తలల మీదికి చేరుతాయని చిన్నప్పటినుంచీ వింటున్నాము. చూసినవారు మాలో లేరు.

రెండేళ్ళుగా ఆ సరుకు అడిగే దిక్కు లేకపోయింది. రుమాళ్ళు మాని చీరలు నేయమని మా చేనేత సంఘం కార్యదర్శి చెప్పాడు. మంగళవారంలోగా నాయన ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేయాలి. లేకపోతే చీరలకు సంఘం ఇచ్చే నూలు ఇంకొకరికి వెళుతుంది. అమ్మా నేనూ చెప్పి చెప్పి అలసిపోయాము. నాయన ఒకటే మాట పట్టుకున్నాడు.

“కట్టేవోళ్ళు లేరో, కొనేవోళ్ళు లేరో తెలియకుండా మగ్గం ఎట్టా మారుస్తానురా? పట్నం పోయి చూసొస్తా.”

“అక్కడ ఏమి చూస్తావు నాయనా?”

“తలలు. ఓడలు దిగేచోట తలలు కనపడవా ఏంది?”

నేను శుక్ర, సోమవారాలకు సెలవు పెట్టాను.

పాసింజరు బండిలో మూడవ తరగతికి మనిషికి అయిదు రూపాయల చిల్లర అయింది. పదిన్నరకు నెల్లూరులో అమ్మ కట్టి ఇచ్చిన పెరుగన్నం తిన్నాము. కావలిలో ఎక్కిన ఒక ఇల్లాలు నాయనను చూసి, “పెద్దాయనా, పట్నానికి వైద్యానికా?” అని ఆదరంగా అడిగింది.

“కాదమ్మా, తలలు చూడడానికి,” అన్నాడు నాయన.

ఆమె పక్కన నిద్రపోతున్న పిల్లను వెంటనే ఒడిలోకి లాక్కుంది.

సాయంత్రం నాలుగున్నరకు సెంట్రలు చేరాము. కొత్తగా వచ్చేవారు ఇక్కడ జట్కావాళ్ళతో బేరాలకు దిగనవసరం లేదు. రోడ్డు దాటితే ఎదురుగానే పార్కు స్టేషను. ఎలక్ట్రిక్ రైలు అక్కడే ఆగుతుంది. ఒక కొన హార్బరు ఎదుట ఉన్న బీచి స్టేషను, రెండవ కొన తాంబరం. పగటిపూట పది పన్నెండు నిమిషాలకొక బండి వస్తుంది. నిలిచేది అరనిమిషమే కనుక సంచులు ముందుగానే చేతపట్టుకుని ఉండాలి. మేము సైదాపేటకు టిక్కెట్లు తీసుకున్నాము.

బండి కదిలాక నాయన కిటికీలోనుంచి ముందుకూ వెనకకూ చూశాడు. ఇంజను లేదు, పొగ లేదు. అరచేయి బల్లకు ఆనించి అదురు పరీక్షించాడు.

“మరి తొక్కేది ఎవర్రా?” అన్నాడు చివరకు.

గుంటమగ్గంలో కాళ్ళతో తొక్కితే తప్ప పని సాగని మనిషికి అది సహజమైన ప్రశ్న. విద్యుత్తును గురించి నాకు తెలిసినదంతా కోడంబాకం వచ్చేవరకూ వివరించాను. నాయన శ్రద్ధగా విని, “సరే, ఎవరో ఒకరు తొక్కుతుంటారులే,” అన్నాడు.

సైదాపేటలో అమ్మకు వరసకు అన్న అయిన వెంకటసుబ్బయ్య మామయ్య ఇంట దిగాము. వారు మూడు తరాలుగా అక్కడే ఉండి లుంగీలు నేస్తున్నారు. మేము వచ్చిన పని విని మామయ్య పెద్దగా నవ్వాడు.

“రాండి బావా, కూర్చోండి. తలలు చూసేదానికి ఇంత దూరమా? మా ఈడ అంతా నా మాదిరి బట్టతలలే కదా!”

“నీ తలకి రుమాలెందుకు బావా, ఎండే జారిపోద్ది,” అన్నాడు నాయన.

“ఆమా, ఆమా!” అని అరవంలో ఒప్పుకున్నాడు మామయ్య. “చూడు అల్లుడూ, మీ నాయన ఇప్పుడు దారికొచ్చినాడు. ఆడ బీచి టేసన్ కాడ నిలబడుకుంటే హార్బరు జనమంతా కండ్లబడతారు. రేపు ఎలట్రీ బండెక్కి పొండి. సరే, ముందు కాళ్ళు కడుక్కోండి, సాదం వడ్డించేసినారు, చల్లారిపోతా ఉంది.”

శనివారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాల బండి ఎక్కాము. బీచికి మూడవ తరగతి టిక్కెట్టు మూడణాలు. ఆఫీసులకు పోయేవారితో నిలబడడానికే చోటు లేదు. తీరికగా చూడదలచినవారు పది గంటల తరువాత ఎక్కడం మంచిది. సైదాపేటనుంచి బీచి వైపు పోయేటప్పుడు ఎగ్మోరుకు కొంచెం ముందు కూవం నది మీద వంతెన వస్తుంది. నేను దానిని నాయనకు చూపబోతుండగా జరగరానిది జరిగింది.

మా ముందు ఒక బలమైన మనిషి వీపు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు. అతని భుజం మీద ఎర్రగళ్ళ తువ్వాలు వేలాడుతోంది. నాయన దాని కొన పట్టుకుని బొటనవేలితో రాచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా ఊళ్ళో సంతలోనైనా, పెళ్ళిలోనైనా బట్ట కనబడితే మావాళ్ళు చేసే పని అదే. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ మనిషి గిరుక్కున తిరిగి ఒక చేత్తో జేబునూ, ఒక చేత్తో తువ్వాలునూ పట్టుకున్నాడు. ముందు అరవంలో కేకలు వేసి, నాయన అయోమయంగా “ఏందయ్యా?” అనేసరికి తెలుగులోకి దిగాడు. వాషర్‌మెన్‌పేటలో కొట్టు ఉన్న మనిషట.

“ఏమయ్యా పెద్దాయనా, నా తుండు మీద నీకేం పని?”

“ఏం లేదు బాబూ, వాసన చూస్తన్నా.”

“వాసనా? నేనేమన్నా మల్లెపూల మూరనా, వాసన చూసేదానికి?”

పూలబుట్టతో కూర్చున్న ఒక ముసలమ్మ వెంటనే అందుకుంది. “మూర ఎంతకిస్తావన్నా? నా దగ్గర నిన్నటి పూలు కూడా ఉండాయి, కలిపి అమ్ముదాం!”

పెట్టె అంతా నవ్వింది. చివరకు ఆ మనిషి కూడా నవ్వాడు. నవ్వనిది నేనొక్కడినే. ఆ సమయంలో నేను జనాన్ని తోసుకుని రెండడుగులు పక్కకు జరిగి, గోడకు అంటించిన నిబంధనలు చదువుతున్నట్టు నిలబడ్డాను. ఈ విషయం రాయకుండా వదిలివేయవచ్చు. కాని తరువాతి సంగతికి ఇది అవసరం.

బీచిలో దిగాక, “పట్నంలో ఇట్లాంటివి చేయకూడదు నాయనా,” అన్నాను.

“మరి తెలిసేది ఎట్టాగరా?” అన్నాడు. నేను పక్కకు జరిగినట్టు చూశాడో లేదో నేను అడగలేదు.

బీచి స్టేషను ఎదుట రోడ్డు దాటి పదినిమిషాలు నడిస్తే జార్జిటౌను వీధులు. రుమాళ్ళ మూటలు దిగే గోదాము వెదుక్కుంటూ వెళ్ళాము. అక్కడి ముసలి గుమాస్తాకు నాయన ముఖం కొత్త, కాని చేతిపని తెలుసు.

“చీరాల సరుకా? బాగలేదని ఎవరన్నారయ్యా? తీసుకుపోయేవాడు లేడు. అదిగో, ఆ మూల మూట చూడు. ఎలకలక్కూడా విసుగొచ్చేసింది.”

“ఇదివరకు అంచు గట్టిగా ఉందని తిప్పి పంపేవోళ్ళు గదండీ. వెడల్పంచు మెత్తగా ఉండాలని ప్రాణం తీసేవోళ్ళు. అదన్నా కారణమా?”

“అంచు గొడవ ఎప్పుడో పోయింది. ఇప్పుడు అంచూ లేదు, నడుమూ లేదు.”

“కట్టేవోళ్ళు లేరంటారా, కొనేవోళ్ళు లేరంటారా?”

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “గోదాములో కూర్చున్నవాడికి రెండూ ఒకటే నాయనా,” అన్నాడు మంచిగానే.

ఆ మాట నాకు సమంజసంగా తోచింది. నాయనకు తోచలేదు. నాయన దృష్టిలో కట్టేవాళ్ళు మానివేస్తే తన పని ముగిసినట్టు. కొనేవాళ్ళు మానివేస్తే తన పనిని ఎవరో మధ్యలో ఆపినట్టు. మగ్గం మార్చడానికి ఆ రెండింటిలో ఏది నిజమో ఆయనకు తెలియాలి.

మధ్యాహ్నం పార్కు స్టేషను దగ్గర ఒక హోటలులో ఇడ్డెనలు, కాఫీ తీసుకున్నాము. సాంబారు అడిగినంత పోశారు. తరువాత ఎగ్మోరులో దిగి మ్యూజియముకు నడిచాము. మా జిల్లానుంచి తెచ్చిన అమరావతి శిల్పాలు అక్కడ ఉన్నాయి. నేను శాతవాహనుల కాలం గురించి చెబుతుంటే నాయన వంగి వంగి చూస్తున్నాడు. నాకు సంతోషం కలిగింది. తీరా చూస్తే ఆయన చూసేది రాతి మనుషుల తలపాగాలు.

“ఎంత బాగా చుట్టుకున్నారురా! పొరలు లెక్కపెట్టొచ్చు. ఈ నేత ఎవరిదో.”

పదేళ్ళు చరిత్ర చదివిన నేను ఆ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు.

ఆదివారం బండ్లు ఖాళీగా ఉంటాయి. కుటుంబంతో చూడదలచినవారికి ఇదే అనువైన రోజు. బీచినుంచి తాంబరం వరకు గంటలోపు ప్రయాణం. సైదాపేట దాటాక అడయారు నది, ఆపైన గిండీ చెట్లు, పరంగిమల, మీనంబాకంలో కుడిచేతివైపు విమానాశ్రయం కనబడతాయి. ఈ వివరాలన్నీ నేను నిస్సందేహంగా రాయగలను; ఎందుకంటే ఆ రోజు మూడు గంటలలోపే మేము ఆ దారిన అటూ ఇటూ రెండుసార్లు తిరిగాము. ఓడ మనుషులు కొందరు కనబడ్డారు. కొందరికి టోపీలు, కొందరికి తెల్లబట్ట, కొందరికి ఏమీ లేదు. నాయన ఒక్కొక్క తలనూ చూసి, చేతులు ఒళ్ళోనే ఉంచుకునేవాడు. పొద్దు వాలుతోంది. సోమవారం ఉదయమే మా తిరుగు ప్రయాణం.

మూడు గంటల ఇరవై నిమిషాలకు బీచిలో మూడవసారి బండి ఎక్కాము. బయలుదేరబోతుండగా ఒక పెద్దమనిషి మెల్లగా ఎక్కి మా ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. తెల్లని గడ్డం, వదులు చొక్కా, ఎండకు నల్లబడిన చేతులు. తల మీద ఎరుపూ నలుపూ రుమాలు. మా ఇంటి గోడల మీద బొగ్గుతో గీసుకునే అవే పువ్వులు, అవే గళ్ళు.

నాయన చేయి లేచింది. సగం దాకా వెళ్ళి ఆగింది. నావైపు చూసి, చేయి వెనకకు తీసుకుని, “వద్దులేరా,” అన్నాడు.

ఆ “వద్దులే” నావల్ల వచ్చిందే. నేను లేచి ఆ పెద్దమనిషి ముందు నిలబడ్డాను. పరీక్షలకు చదివిన హిందీ నాకు కొంత వచ్చు. “శ్రీమాన్‌జీ, కృపయా అప్‌నా శిరోవస్త్ర్ దిఖాయియే,” అని తలగుడ్డ చూపమన్నాను, వినయంగా చేతులు కట్టుకుని.

ఆయన కంగారుగా జేబులు తడుముకుని టిక్కెట్టు తీసి నా చేతిలో పెట్టాడు.

పక్కనున్నవారు ముసిముసిగా నవ్వారు. ఈసారి నేను పక్కకు జరగలేదు. టిక్కెట్టు తిరిగి ఇచ్చి, ఆయన రుమాలును వేలితో చూపి, నాయనను చూపి, చేతులతో మగ్గం ఆడించినట్టు అభినయించాను. అప్పుడు నాయన తన భుజం మీది రుమాలు తీసి ఆయన మోకాళ్ళ మీద పరిచాడు. ఊరినుంచి బయలుదేరిన దగ్గరనుంచీ దానిని భుజం మీదే ఉంచుకున్నాడు, తాను కట్టుకోలేదు.

ఆ పెద్దమనిషి ఏమి చేశాడో చెబితే పాఠకులు నమ్మాలి. బట్ట కొన పట్టుకుని బొటనవేలితో రాచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

“తేల్!” అన్నాడు; అంటే నూనె. “అస్లీ! అస్లీ!”

“అసలుదంటన్నాడురా,” అన్నాడు నాయన. దానికి నా హిందీ అవసరం లేకపోయింది.

ఆయన తన తల మీది రుమాలు విప్పి నాయనకు ఇచ్చాడు. నాయన రాచి చూశాడు, వాసన చూశాడు, వెనకకు తిప్పాడు.

“అచ్చు వేసింది. మిల్లు గుడ్డ. చూడు, వెనకపక్క రంగే దిగలా. పైన మన పువ్వు కొట్టారు, అంతే.”

ఆయనది సముద్రం అవతల అరబ్బు దేశపు ఊరు. సరుకు ఓడ మీద వంటవాడు. ఓడ కదలడానికి రెండు రోజుల వ్యవధి ఉంటే, మాలాగే పొగలేని రైలు చూడడానికి వచ్చాడు. రేవుల్లో నేర్చిన ఆయన హిందుస్తానీ నాకు సగమే అర్థమయింది. తన తండ్రి నూనె రుమాలే కట్టేవాడట. ఎండగాలికి తల చల్లగా ఉంటుంది, ఇసుక అంటుకోదు. ఇప్పుడు బజారులో ఈ అచ్చు గుడ్డే పెడుతున్నారు. మూడు రేవుల్లో నూనె రుమాలు అడిగి చూశాడట, లేదన్నారు.

“అడిగాడా?” అన్నాడు నాయన. “అడిగినట్టు చెప్పాడా, నువ్వు అనుకుంటన్నావా? ఇంకోసారి కనుక్కో.”

కనుక్కున్నాను. “అడిగాడు నాయనా. మూడుచోట్ల.”

నాయన కిటికీవైపు తిరిగాడు. గిండీ చెట్లు దాటిపోయాయి. తరువాత తన రుమాలు ఆయన చేతుల్లో పెట్టి, కట్టుకోమని సైగ చేశాడు. ఆయన డబ్బు తీయబోతే చేయి నెట్టివేశాడు. అందుకు ఆయన అచ్చు రుమాలును నాయన భుజం మీద వేసి, కొత్తదాన్ని ఏటవాలుగా మడిచి రెండు నిమిషాలలో తలకు చుట్టుకున్నాడు.

“ఇటు తిరగమను,” అన్నాడు నాయన. తిరిగాడు. “అటు.” అటూ తిరిగాడు. పెళ్ళికొడుకును చూసినట్టు పెట్టెలో అందరూ చూస్తున్నారు. నాయన లేచి దగ్గరగా వంగి, చెవి పక్కన బట్ట మడతను పరీక్షించాడు. ఒక్కసారిగా నవ్వాడు.

“ఒరే, చూశావా? వెడల్పంచు లోపలికి పెట్టాడు! నుదుటికి ఆనేది అదేరా. పైకి కనపడే అంచనుకుని నలభై ఏళ్ళు దాన్ని గట్టిగా నేశా, వాళ్ళు మెత్తగా కావాలని తిప్పి పంపుతుంటే తిట్టుకున్నా. నుదురు ఒరుసుకుపోదూ మరి!”

తాంబరంలో ముగ్గురమూ టీ తాగాము. అదే బండిలో తిరిగి సైదాపేట దాటిపోయి, ఆయనను దింపడానికి బీచి దాకా వెళ్ళాము. ఆయన చేయి ఎత్తి, హార్బరు గేటువైపు నడిచాడు. ఆ ఎర్రని తల జనంలో కలిసి కనబడకుండా పోయేవరకు నాయన ప్లాట్‌ఫారం కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు.

“కట్టేవోళ్ళు ఉన్నారు,” అన్నాడు. “పద.”

సోమవారం ఉదయం సెంట్రలులో పాసింజరు ఎక్కాము. మామయ్య స్టేషనుకు వచ్చి, “మళ్ళీ రాండి బావా, ఈసారి కాళ్ళు చూసేదానికి,” అని సాగనంపాడు. గూడూరులో అత్తయ్య ఇచ్చిన పులిహోర తింటూ, “ఇక ఏమి చేస్తావు నాయనా?” అని అడిగాను.

“చీరలు నేస్తా. నా చెయ్యి చెడి పని ఆగిపోలేదు. అది తెలిసింది, చాలు.”

నా పుస్తకంలో ఎలక్ట్రిక్ రైలు స్టేషన్ల పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. మదరాసు ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఆ పుస్తకం ఇస్తాను. నాకు మాత్రం ఆ నగరమంటే ఎదురెదురు బల్లల మీద కూర్చుని ఒకే బట్టను వాసన చూసిన ఇద్దరు ముసలివాళ్ళే మొదట గుర్తుకు వస్తారు.

మంగళవారం నాయన సంఘం కాగితం మీద వేలిముద్ర వేశాడు. నూలు నానబెట్టే నూనెకుండను కడిగి అమ్మకు ఇచ్చాడు. ఆమె అందులో ఉప్పు పోసుకుంది. అచ్చు రుమాలు మొదటి ఉతుకులోనే వెలిసిపోయి మగ్గం తుడవడానికి పనికివచ్చింది. మొదటి చీర మగ్గమెక్కించేముందు నాయన అమ్మను గుమ్మంలో నిలబెట్టి, ఏ అంచు ఎక్కడ ఒంటికి ఒరుసుకుంటుందో చూపించమన్నాడు. ఇప్పుడు ఆ అంచు మెత్తగా నేస్తున్నాడు.